ఒక్క మనిషి కొలతకు క్రిస్మస్ బొంత

క్రిస్మస్ దగ్గర పడుతుందనగా మన సంఘాల్లో దుప్పట్ల పంపిణీ మొదలవుతుంది. ఒకే రంగు, ఒకే కొలత ఉన్న దుప్పట్లు మూటలుగా దిగుతాయి, పేర్లు పిలుస్తారు, ఒక్కొక్కరూ వచ్చి అందుకొని వెళతారు. చలికి వణికేవారికి అది మేలు చేసే పనే, దానిని తక్కువ చేసి మాట్లాడాలని నాకు లేదు. అయితే ఆ దుప్పటి ఎవరికి ఇచ్చినా సరిపోతుంది కాబట్టి, ఇచ్చేవారికి పుచ్చుకొనేవారి ముఖం వైపు తేరిపార చూడవలసిన అవసరం రాదు. నేను చెప్పబోయే పని వేరు. సంఘంలో ఒక్క మనిషిని ఎంచుకొని, ఆ మనిషి దేనిమీద పడుకుంటారో, చలి ఎటువైపు నుంచి తగులుతుందో, తడిసిన బొంతను పిండే సత్తువ ఆ చేతుల్లో ఉందో లేదో కనుక్కొని, ఆ కొలతకు మన చేత్తో బొంత కుట్టి ఇవ్వడం. సూదిలో దారం ఎక్కించడం వచ్చినవారెవరైనా దీనిని చేయవచ్చు. కుట్టు మిషను అక్కరలేదు. కావలసిందల్లా ఐదారు వారాల ముందుచూపు, అంటే నవంబరు మొదటి వారంలో మొదలుపెట్టాలి. రోజుకు ముప్పావుగంట కేటాయించగలిగితే క్రిస్మస్‌కు వారం ముందే పని పూర్తవుతుంది.

ఇంతకీ బొంతే ఎందుకు? బైబిలులో యాకోబు తన పత్రిక, అంటే సంఘాలకు రాసిన ఉత్తరం, రెండవ అధ్యాయంలో, ఒంటిమీద బట్ట లేని సహోదరునితోనో సహోదరితోనో "చలి కాచుకొనుడి" అని మాట చెప్పి పంపివేస్తే ఏమి ప్రయోజనమని అడుగుతాడు. అప్పు తీసుకున్న పేదవాని పైబట్టను తాకట్టు పెట్టుకుంటే, పొద్దుగుంకేలోగా అతనికి దానిని తిరిగి ఇచ్చివేయాలని, లేకపోతే అతడు రాత్రి ఏమి కప్పుకొని పడుకుంటాడని నిర్గమకాండము 22వ అధ్యాయంలో ధర్మశాస్త్రమే ప్రశ్నిస్తుంది. రాత్రి కప్పుకొనే గుడ్డను గురించి దేవుని వాక్యం ఇంత దగ్గరగా ఆలోచించింది కనుక, మనం కూడా అంత దగ్గరగానే ఆలోచించవచ్చు.

ఎవరికి కుట్టాలి

మనకు ఇష్టమైనవారి పేరు ముందుగా మనసులోకి వస్తుంది. పాస్టరమ్మగారికి, ఆదివారపు బడి టీచరుకు, మనల్ని ప్రేమగా పలకరించే అత్తగారికి కుట్టి ఇవ్వడం మంచిదే, అయితే ఈ పనికి నేను ఆ పేర్లను పక్కన పెట్టమంటాను. వరుసగా రెండు ఆదివారాలు ఆరాధన ముగిశాక వెంటనే ఇంటికి బయలుదేరకుండా, ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎవరితో ఎవరూ మాట్లాడకుండా వెళ్ళిపోయారో గమనించండి. పదేళ్లుగా ఒకే చాప మీద కూర్చుంటున్నా ఇంటి దారి మనకు తెలియని మనిషి ఒకరైనా ఉంటారు. ఆ మనిషిని గురించి మన మనసులో ఒక తీర్పు కూడా ముందే సిద్ధంగా ఉంటుంది: ఫలానావిడ మొండి, ఫలానా ఆయన కానుక వేయడు, ఫలానా వాళ్లకు ఎంత చేసినా తృప్తి లేదు. అటువంటి తీర్పు ఎవరి మీద ఉందో, వారి పేరే రాసుకోండి.

నా విషయంలో ఆ పేరు ఒక మామ్మగారిది. ఆమె ప్రతి ఆదివారం తలుపు దగ్గర కూర్చుంటారు, ఆఖరి పాట అందుకోగానే చెప్పులు వేసుకొని వెళ్ళిపోతారు, ఒక్కనాడూ ఆశీర్వాదం దాకా ఉండరు. దేవుని సన్నిధి అంటే లెక్కలేని మనిషి అని నేను అనుకొనేదాన్ని. అలా ఒకటి రెండు రోజులు కాదు, ఏళ్ల తరబడి అనుకున్నాను.

ఒక హెచ్చరిక. మనకు నిజంగా గొడవ ఉన్న మనిషికి కుట్టదలిస్తే, ముందు వెళ్ళి మాట్లాడాలి. బలిపీఠం దగ్గర అర్పణము విడిచిపెట్టి, మొదట సహోదరునితో సమాధానపడి, తరువాత వచ్చి అర్పించమని ప్రభువు మత్తయి 5వ అధ్యాయంలో చెప్పిన వరుస ఇక్కడ కూడా వర్తిస్తుంది. క్షమించమని అడగవలసిన చోట బొంత చేతిలో పెడితే, పుచ్చుకొనేవారి నోరు మూతపడుతుందే గాని మనసు కలవదు.

కొలత తీసుకోవడం

టేపు పట్టుకొని వెళ్ళవద్దు. మామూలుగా పలకరింపుకు వెళ్ళినట్లే వెళ్ళి, కూర్చోమన్నచోట కూర్చొని, బొంత కుట్టాలనుకుంటున్నానని దాచకుండా చెప్పి అడగడం నాకు సరైన పద్ధతిగా తోస్తుంది. తెలియకుండా ఇచ్చి ఆశ్చర్యపరచాలనే కోరిక ఇచ్చేవారి సంతోషం కోసమే ఎక్కువగా పనిచేస్తుంది, బొంత మాత్రం పుచ్చుకొనేవారికి పనికి రావాలి.

చూడవలసినవి, అడగవలసినవి ఇవి. పడుకొనేది నేలమీద చాప పైనా, నులక మంచం మీదా, నవారు మంచం మీదా, పరుపు మీదా? ఒక్కరే పడుకుంటారా, పక్కన మనవడో మనవరాలో ఉంటారా? రాత్రి చలి ఎక్కడ తెలుస్తుంది, కాళ్లకా, వీపుకా? బట్టలు ఎవరు ఉతుకుతారు, ఎక్కడ ఆరవేస్తారు? చేతి కీళ్లలో నొప్పులు ఉన్నాయా? రాత్రి లేచి నడవవలసి వస్తుందా? లేచి నడిచేవారికి బొంత మంచం దిగి నేలమీద వేలాడితే కాలికి చుట్టుకొని పడిపోయే ప్రమాదం ఉంటుంది.

పిల్లలకు కుట్టేవారు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. హన్నా తన కుమారుడు సమూయేలుకు ఏటేటా చిన్న అంగీ కుట్టి అతడు దేవుని మందిరంలో సేవ చేస్తున్న షిలోహుకు తీసుకొని వెళ్ళేదని మొదటి సమూయేలు గ్రంథం రెండవ అధ్యాయం చెబుతుంది. బిడ్డ కళ్లెదుట లేడు, ఏడాదిలో ఎంత ఎదిగి ఉంటాడో ఊహించుకొని ఆ తల్లి గుడ్డ కత్తిరించి ఉంటుంది. ఎదిగే పిల్లలకు పొడవు జానెడు ఎక్కువ ఉంచి, ఆ జానెడు లోపలికి మడిచి కచ్చాకుట్టు, అంటే తరువాత తేలికగా ఊడదీయగల పెద్ద కుట్టు, వేసి ఉంచండి, రెండేళ్ల తరువాత విప్పుకోవచ్చు.

మామ్మగారి ఇంట్లో నేను చూసింది నా లెక్కనంతా మార్చివేసింది. ఆమె నాకంటే పొట్టి, కాబట్టి చిన్న బొంత చాలునని, చలి ఆగాలంటే మందంగా ఆరు పొరలు వేయాలని ఇంటి దగ్గరే నిర్ణయించుకొని వెళ్ళాను. ఆమెది నులక మంచం. నులక సందుల్లోంచి కింది గాలి నేరుగా వీపుకు తగులుతుంది. ఆమె తన పాత బొంతను సగం కిందకు పరచుకొని, మిగతా సగాన్ని పక్కనుంచి పైకి లాక్కొని కప్పుకుంటున్నారు. అది చాలకపోవడంతో వీపో, రొమ్మో ఏదో ఒకటి చలికి వదిలివేయవలసి వస్తోంది. ఆమెకు కావలసింది మందం కాదు, వెడల్పు. రెండు మణికట్లూ వాచి ఉన్నాయి, మందమైన బొంత తడిస్తే ఆమె ఎత్తలేరు.

ఆ మణికట్ల సంగతి అడిగినప్పుడే ఇంకొక సంగతి బయటపడింది. వారి వీధి కుళాయికి నీళ్లు పదకొండున్నరకు వచ్చి అరగంటలో ఆగిపోతాయి. పక్కింట్లో మంచాన పడిన ఒక ముసలాయన ఉన్నారు, ఆయన భార్యకు కళ్లు సరిగా కనబడవు. ఆ ఇంటికి రెండు బిందెలు, తనకు రెండు బిందెలు పట్టి మోయాలంటే ఆఖరి పాటకే లేచి వెళ్ళాలి. ఆమె ఈ మాటను గొప్పగా చెప్పుకోలేదు, "కుళాయి టైమమ్మా" అన్నారు, అంతే. నేను తల వంచుకొని నులక మంచం కోళ్లు కొలిచాను.

గుడ్డ

బొంతకు పాత నూలు చీరను మించినది లేదు. ఉతికి ఉతికి గుడ్డ మెత్తబడి ఉంటుంది, ఇక ముడుచుకుపోదు, చెమటను పీల్చుకుంటుంది. పాలిస్టరు, జార్జెట్ చీరలు వద్దు, పొరలు ఒకదానిమీద ఒకటి జారిపోతాయి, వెచ్చదనమూ ఉండదు. పాత పంచెలు, లుంగీలు మధ్య పొరకు బాగుంటాయి.

అయితే పాత గుడ్డ విషయంలో మన ఊళ్ల చరిత్రను మరచిపోకూడదు. విడిచిన బట్టలను పాలేరుకు, పనిమనిషికి, పేటలోని వారికి పెట్టడం తరతరాలుగా సాగిన పద్ధతి, ఆ బట్టతోపాటే "నీ స్థానం ఇది" అన్న మాటనూ పెట్టేవారు. మన సంఘాల్లో చాలా కుటుంబాలకు ఆ జ్ఞాపకం ఇంకా పచ్చిగానే ఉంది. కాబట్టి మనం కట్టి విడిచిన చీరలతో ఎంత ప్రేమగా కుట్టినా, పుచ్చుకొనేవారికి ఆ పాత అవమానమే తగలవచ్చు. దీనికి నాకు తెలిసిన మార్గాలు రెండు. పైకి కనబడే రెండు పొరలకూ కొత్త గుడ్డ కొని, మెత్తదనం కోసం మధ్యలో మాత్రమే పాత గుడ్డ వేసి, ఆ సంగతిని ముందే చెప్పడం ఒకటి. దానికన్నా మేలైనది, వారి పెట్టెలో ఉన్న చీరలనే అడిగి తీసుకోవడం. అప్పుడు బొంత వారి సొంత ఆస్తికే వచ్చిన కొత్త రూపం అవుతుంది, మనది చేతి కష్టం మాత్రమే. చనిపోయినవారి చీరలను వాడవచ్చునా అన్నది ఇంటింటికీ వేరుగా ఉంటుంది. కొందరు వాటిని ప్రాణంగా దాచుకుంటారు, కొందరు తాకడానికి భయపడతారు. ఊహించకుండా అడగండి.

విధవరాలికి లేత రంగులే నప్పుతాయని నా సంచిలో రెండు గచ్చకాయ రంగు చీరలు పెట్టుకొని వెళ్ళాను. మామ్మగారు ట్రంకుపెట్టె తెరిచి, తాను కట్టి వదిలిన ముదురు నీలం చీర ఒకటి, పెళ్లయి దూరం వెళ్ళిన కూతురు వదిలిపోయిన చిలకపచ్చ నేత చీర ఒకటి తీశారు. "ఈ చిలకపచ్చది పైకి రావాలమ్మా" అన్నారు. నా సంచిలోని చీరలను నేను బయటికి తీయలేదు.

కొలత లెక్క ఇలా ఉంటుంది. చీర పొడవు దాదాపు ఐదున్నర మీటర్లు, అంటే 18 అడుగులు. వెడల్పు సుమారు 45 అంగుళాలు. ఒక చీరను అడ్డంగా మూడు సమాన ముక్కలు చేస్తే, ఒక్కొక్కటి 6 అడుగుల పొడవు, 45 అంగుళాల వెడల్పు వస్తుంది. రెండు చీరలకు ఆరు ముక్కలు. ఆరింటినీ ఒకదానిమీద ఒకటి పేరిస్తే ఒంటి వెడల్పుతో ఆరు పొరల మందమైన బొంత అవుతుంది, నేలమీద పరచుకొని పడుకొనేవారికి అది సరిపోతుంది. ఆ ఆరు ముక్కలనే రెండేసి చొప్పున పక్కపక్కన అతికితే, 90 అంగుళాల వెడల్పుతో మూడు పొరల పలుచని బొంత అవుతుంది, కిందా పైనా చుట్టుకొనేవారికి ఇది కావాలి. గుడ్డ అంతే, చీరలు అవే. మామ్మగారి మంచాన్ని చూడకపోయి ఉంటే నేను మొదటిది కుట్టి ఇచ్చేదాన్ని, ఆమె వీపుకు ఎప్పటిలాగే గాలి కొడుతూ ఉండేది.

సిద్ధం చేయడం

చీరలను గోరువెచ్చని నీళ్లలో ఒక రాత్రంతా నానబెట్టి, మరునాడు ఉతికి గంజి పూర్తిగా వదలగొట్టాలి. గంజి మిగిలితే బొంతకు పురుగు పడుతుంది. రంగు దిగుతుందేమో చూడడానికి తడిపిన తెల్ల గుడ్డతో ఒక మూల గట్టిగా రుద్దండి. తెల్ల గుడ్డకు రంగు అంటితే, ఆ చీరను నీళ్లు తేరేవరకు విడిగా నాలుగైదుసార్లు జాడించాలి. కొత్త గుడ్డ కలుపుతున్నట్లయితే దానిని రెండుసార్లు తడిపి ఆరబెట్టాలి, లేకపోతే మొదటి ఉతుకుకే కొత్త పొర కుంచించుకుపోయి బొంతంతా ముడతలు పడుతుంది.

ఆరిన చీరను కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకొని చూస్తే ఎక్కడ పలచబడిందో కనబడుతుంది. మడమల దగ్గర రాసుకొనే కింది అంచు, కుచ్చిళ్లు దోపిన చోటు, భుజం మీద పిన్నీసు గుచ్చిన చోటు ముందుగా అరుగుతాయి. అటువంటి ముక్కలు మధ్య పొరకు వెళ్ళాలి. చిరుగులు ఉంటే వెనుక చిన్న గుడ్డ వేసి ముందే కుట్టివేయండి. గట్టి ముక్కలు పైకి, కిందికి. జరీ అంచులుంటే తీసివేయడం మంచిది, అవి ఒంటికి గుచ్చుకుంటాయి.

రెండేసి ముక్కలను అతికేటప్పుడు అతుకు మధ్యలో వస్తుంది. చుట్టుకొని పడుకొనేటప్పుడు మడత కూడా అక్కడే పడుతుంది కనుక ఆ గట్టు వీపుకింద తగలదు.

పరచడం, కచ్చాకుట్టు వేయడం

ఈ పనికి ఇద్దరు కావాలి. గదిలో నేలను తుడిచి, ఆరాక, కింది పొరను తలకిందులుగా, అంటే మంచివైపు నేలకు ఆనేటట్లు పరచండి. నాలుగు మూలలా ఇద్దరూ లాగి పట్టుకొని, చేతులతో మధ్యనుంచి అంచులకు నిమురుతూ ముడతలు తీసి, మూలలమీద పచ్చడి జాడీలో, ఇటుకలో బరువుగా పెట్టండి. దానిమీద మధ్య పొర, ఆపైన మంచివైపు పైకి ఉండేటట్లు పై పొర వేయాలి. ప్రతి పొరనూ మళ్లీ మధ్యనుంచి అంచులకే నిమరాలి, అంచులనుంచి మధ్యకు నిమిరితే ముడతంతా మధ్యలో పోగవుతుంది.

తరువాత పెద్ద పెద్ద కుట్లతో కచ్చాకుట్టు వేయాలి. ముందు నడిమధ్య నుంచి నాలుగు దిక్కులా నాలుగు వరసలు, ఆ తరువాత జానెడు ఎడంతో మిగిలినవి. ఈ దారం చివరకు ఊడదీసేదే కాబట్టి గుడ్డ రంగుకు భిన్నమైన రంగు వాడితే వెతుక్కోనక్కరలేదు. ఈ గంట పనిలో తొందరపడినవారు ఆ తరువాత మూడు వారాలు బాధపడతారు. కచ్చాకుట్టు సరిగ్గా పడిన బొంతను చుట్టచుట్టి ఒడిలో పెట్టుకొని ఎక్కడ కూర్చొనైనా కుట్టుకోవచ్చు, సరిగ్గా పడనిది ప్రతి వరసకూ పక్కకు లాగుతూనే ఉంటుంది.

కుట్టడం

గోనెసంచులు కుట్టే దబ్బనం వద్దు, దాని రంధ్రాలు అరిగిన చీరను చీల్చుతాయి. రెండున్నర, మూడు అంగుళాల పొడవున్న సన్నని సూది, మోటు నూలు దారం తీసుకోండి. దారం మూరన్నరకు మించకూడదు, పొడవైతే చిక్కుపడుతుంది. దారాన్ని మైనం మీదుగా ఒకసారి లాగితే నునుపుగా, బలంగా నడుస్తుంది. క్రిస్మస్ ముందురాత్రి ఆరాధనలో వెలిగించిన కొవ్వొత్తుల ముక్కలను మా అమ్మ ఈ పనికోసమే డబ్బాలో దాచేది, నేనూ అదే చేస్తాను. సూదిని నెట్టే వేలికి దర్జీలు తొడుక్కొనే ఇనుప తొడుగు పెట్టుకుంటే మూడు వారాలు వేలు పుండు పడకుండా ఉంటుంది.

కుట్టు మామూలు రన్నింగ్ కుట్టే. ఒక్కొక్క కుట్టు వడ్లగింజంత ఉండాలి. వరసకూ వరసకూ 2 అంగుళాల ఎడం చాలు, మరీ అరిగిన గుడ్డయితే అంగుళంన్నర. వరసలు తిన్నగా రావడానికి అరిగిన సబ్బుముక్కతో గీతలు గీసుకోవచ్చు, అవి ఉతికితే పోతాయి. మధ్య వరసతో మొదలుపెట్టి ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు కుట్టుకుంటూ పోండి. దారం ముడి బయట కనబడకుండా, సూదిని పై పొర కిందనుంచి తీసి, ముడిని మెల్లగా లాగి రెండు పొరల మధ్యకు జార్చాలి. వరస చివర రెండు కుట్లు వెనక్కి వేసి తుంచాలి. 90 అంగుళాల వెడల్పుకు 2 అంగుళాల ఎడంతో దాదాపు 45 వరసలు వస్తాయి. ఒక్కొక్క వరస 6 అడుగులు, చేయి తిరిగినవారికి ఇరవై నిమిషాల పని. మొత్తం కలిపి పదిహేను గంటలు.

ఆ పదిహేను గంటలను గురించి కొంచెం చెప్పాలి. ఒక్కొక్క వరసకూ ఆ మనిషిని గురించి మనకు తెలిసిన ఒక్కొక్క సంగతిని ప్రభువు ముందు పెట్టి ప్రార్థించాలని నేను నియమం పెట్టుకున్నాను. మొదటి వరసకు ఆమె మణికట్లు, రెండో వరసకు ఆ కుళాయి, మూడో వరసకు పక్కింటి ముసలాయన, నాలుగో వరసకు దూరాన ఉన్న కూతురు. ఐదో వరసకు నాకు తెలిసినవి అయిపోయాయి. ఇంకా నలభై వరసలు ఉన్నాయి. ఆమెను పదేళ్లుగా ఎరుగుదునని అనుకున్న నాకు, ఆమెను గురించి నాలుగు వరసలకు సరిపడా మాత్రమే తెలుసు.

బేత్సయిదాలో ప్రభువు ఒక గ్రుడ్డివాని కన్నులమీద చేతులుంచినప్పుడు, మొదటిసారి అతనికి మనుష్యులు నడుస్తున్న చెట్లలాగా కనబడ్డారని మార్కు 8వ అధ్యాయంలో ఉంది. ప్రభువు రెండవసారి చేతులుంచిన తరువాతే అతడు అందరినీ తేటగా చూశాడు. మొదటిసారి వెళ్ళి కొలత తీసుకున్నప్పుడు నేను చూసినది కూడా అటువంటి చూపే. అందుచేత మీకు చెప్పేదేమిటంటే, తెలిసిన సంగతులు అయిపోగానే సూది గుచ్చి బొంతను పక్కన పెట్టి, మళ్లీ ఆ ఇంటికి వెళ్ళండి. పని మీద కాదు, కూర్చోవడానికి. నేను ఆ నెలలో నాలుగుసార్లు వెళ్ళాను. ఆమె చిన్నప్పుడు నాట్లలో పాటలు ఎత్తుకొనేవారని, ఎత్తుగడ ఆమెదైతే నాట్లు వేసే మిగతావారంతా అందుకొనేవారని, ఇప్పటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పుస్తకం చూడకుండా చరణాలన్నీ పాడగలరని అప్పుడే తెలిసింది. మా సంఘంలో ఎవరూ ఆమెను పాట ఎత్తమని ఎన్నడూ అడగలేదు.

కోపంగా ఉన్న రోజున కుట్టవద్దని కొందరు పెద్దలు చెబుతారు. నేను ఆ మాట ఒప్పుకోను. మనసు బాగోలేని రోజున కూడా ఒక వరస కుట్టండి, కుట్లు పెద్దవిగా పడితే మరునాడు విప్పి కుట్టుకోవచ్చు.

అంచు, ఉతుకు

వరసలన్నీ అయ్యాక పై పొర, కింది పొర అంచులను అరంగుళం చొప్పున లోపలికి మడిచి, మధ్య పొరను ఆ మడతకు తగ్గట్టు కత్తిరించి, మూడింటినీ కలిపి దగ్గర దగ్గర కుట్లతో చుట్టూ రెండు వరసలు వేయాలి. నాలుగు మూలలమీద చీర అంచు ముక్కలతో చదరపు అతుకులు వేస్తే ఆరవేసేటప్పుడు లాగినా చిరగవు. చూపు మందగించినవారికి ఒక ఉపాయం: పాదాలవైపు వచ్చే అంచుకు మధ్యలో లావుపాటి దారంతో ఒక బొడిపె కుట్టండి, చీకట్లో తడిమి ఏది తలవైపో, ఏది కాళ్లవైపో తెలుసుకుంటారు. మన పేరు, "ఫలానా వారి జ్ఞాపకార్థం" అన్న మాటలు ఎక్కడా కుట్టవద్దు. వాక్యం కుట్టాలనుకుంటే, వారికి ఇష్టమైన వాక్యం ఏదో అడిగి కుట్టండి.

కచ్చాకుట్టు ఊడదీసి, కుంకుడు రసంతో మీరే ఒకసారి ఉతకండి. పుచ్చుకొనేవారి చేతుల బలం గుర్తుంచుకొని, తడిసిన బొంతను ఒక్కరే ఎత్తి, పిండి, తీగమీద వేసి చూడండి. మీకే కష్టమైతే వారికి సాధ్యం కాదు, అప్పుడు రెండు పొరల పలుచని గలేబు ఒకటి కుట్టి దానిలో బొంతను దూర్చి ఇస్తే, గలేబు మాత్రమే తరచుగా ఉతుక్కోవచ్చు. రెండువైపులా ఎండ తగిలేటట్లు ఒక పూట తిప్పి ఆరవేస్తే బొంత సిద్ధమైనట్లే.

ఇవ్వడం

సెమీ క్రిస్మస్, అంటే పండుగకు ముందు జరిపే వేడుక, వేదిక మీద ఇవ్వవద్దు. ఫొటో తీయవద్దు, తీయించవద్దు. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు మాట ఫోను చేతిలో ఉన్న కాలానికి మరింత అవసరం. ఇంటికి తీసుకొని వెళ్ళి, మంచం మీద పరచి చూపించి, కొలత సరిపోయిందో లేదో వారినే చూడమనండి. ఎన్ని రోజులు పట్టిందో, ఎన్నిసార్లు సూది గుచ్చుకుందో చెప్పకండి. వారు టీ ఇచ్చినా, జామకాయ ఇచ్చినా, కాదనకుండా పుచ్చుకొని అక్కడే కూర్చొని తినండి. ఇచ్చేవారు మనమే, తీసుకొనేవారు వారే అన్న గీత ఆ జామకాయ దగ్గర కొంచెం చెరుగుతుంది.

యొప్పేలో దోర్కా అనే తబితా చనిపోయినప్పుడు, విధవరాండ్రందరూ పేతురు చుట్టూ నిలబడి ఏడుస్తూ, ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలను, వస్త్రాలను చూపించారని అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం చెబుతుంది. ఆ వచనం చదివేటప్పుడల్లా నాకు "తమతో ఉన్నప్పుడు" అన్న మాట దగ్గర చూపు ఆగుతుంది.

బొంతతోపాటు మిగిలిన దారం కొంత చుట్టి, అదే సూదిని ఒక గుడ్డపీలికకు గుచ్చి ఇవ్వండి. ఏ బొంతకైనా రెండు మూడేళ్లకు ఎక్కడో ఒక వరస తెగుతుంది, సరైన రంగు దారం దగ్గర ఉంటే చిరుగు పెరగకముందే బాగుచేసుకుంటారు. నేను అలాగే ఇచ్చాను. మామ్మగారు బొంతను మంచం మీద సగం పరచి, మిగతా సగం పైకి లాగి, చిలకపచ్చ వైపు అరచేత్తో నిమిరి, వెడల్పు బెత్తలతో కొలిచి సరిపోయిందన్నారు. తరువాత నా చేతిసంచి వైపు చూశారు. దాని పట్టీ ఒక కొస ఊడి చాలా రోజులుగా పిన్నీసు మీద నిలబడి ఉంది, మా ఇంట్లో ఎవరూ గమనించలేదు, నేనూ పట్టించుకోలేదు. ఆమె ఆ సంచిని అడిగి తీసుకొని, గడప దగ్గర వెలుతురులో కూర్చొని, నేను తెచ్చిన సూదితోనే ఆ పట్టీని కుట్టడం మొదలుపెట్టారు.